మెట్ల కింది గదిలోని నంబరమ్మగారికి

1994వ సంవత్సరం ఆగస్టు ఒకటవ తేదీన మా సంస్థ కంప్యూటర్ విభాగంలో సహాయ నిర్వాహకురాలిగా బాధ్యతలు స్వీకరించి, నేడు ఆ విభాగపు ప్రధాన నిర్వాహకురాలిగా పదవీ విరమణ చేస్తున్న మా సహోద్యోగినిని అభినందించే అవకాశం నాకు దక్కినందుకు గర్విస్తున్నాను. మేమంతా ఆమెను చాటుగా నంబరమ్మగారని పిలుచుకుంటాం. ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది గనుక ఇక చాటు అనవసరం.

ఆసుపత్రులకు మందుల మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాములు రాయడం మా వృత్తి. ఆ తొలి సంవత్సరాలలో ఫిర్యాదులు ఫోనులో వచ్చేవి, మెట్ల మీద ఎదురుపడి వచ్చేవి, కాఫీ కప్పుల కింద చీటీలై నలిగేవి. ప్రోగ్రాముల సంగతి మరీ అన్యాయం. ఒక్కొక్కరి యంత్రంలో ఒక్కొక్క ప్రతి, వాటికి ‘చివరిది’, ‘అసలు చివరిది’, ‘ఒట్టు, ఇదే చివరిది’ అని పేర్లు.

ఈ గందరగోళాన్ని సహించడం తన వల్ల కాదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పి, పక్క విభాగం పారేయబోయిన ఒక యంత్రాన్ని అడిగి తెచ్చుకుని, మెట్ల కింద చీపుళ్ళు పెట్టుకునే గదిని ఖాళీ చేయించి, అందులో ఆమె దాన్నే మా అందరి యంత్రాలకూ అందే వెబ్ సర్వరుగా ప్రతిష్ఠించారు. వచ్చిన ప్రతి ఫిర్యాదూ ఒక నంబరుతో, ప్రోగ్రాములో చేసిన ప్రతి మార్పూ ఆ ఒక్క సర్వరులోనే నమోదు కావాలన్నారు. రెండింటికీ రెండు యంత్రాలు అడగవచ్చు కదా అంటే ఒప్పుకోలేదు.

“ఫిర్యాదు ఒకచోట, దిద్దుబాటు ఇంకోచోట ఉంటే మధ్యలో మీరే తిరగాలి. మీరు తిరగరు. నాకు మీ సంగతి తెలుసు,” అన్నారు.

అప్పటి నుంచి, ఏ ఫిర్యాదు కోసం చేశామో ఆ నంబరు రాయనిదే ఎంతటివారి మార్పునైనా సర్వరు నిర్దాక్షిణ్యంగా తిప్పికొట్టింది. ఈ నియమం ఆఫీసుకే పరిమితం కాలేదని వారి శ్రీవారే ఒక విందులో మొరపెట్టుకున్నారు. “వంటింట్లో కుళాయి కారుతోందే అంటే, ఎప్పట్నుంచి, ఎంత, ఎవరు చూశారు అని మొదలెడుతుందండీ. ఆ ప్రశ్నలకి భయపడి కుళాయే ఆగిపోయింది!”

ఆ మొండితనం విలువ మాకు తెలియజేసిన ఘట్టాన్ని ఇక్కడ చెప్పి తీరాలి. మా విభాగంలో వేగానికి మారుపేరై ‘తుఫాను’ అనిపించుకున్న ప్రోగ్రామర్ ఒకరున్నారు. పసిపిల్లల వార్డు ప్రోగ్రాములో బరువు నింపగానే ‘ఇది కిలోలా, గ్రాములా?’ అని అడిగే ప్రశ్న ఒకటి ఆయనకు దండగనిపించింది. తీసేశారు. సర్వరు తిప్పికొట్టింది. ఆయన విసురుగా మెట్ల కిందికి దిగారు, వెనకాలే తమాషా చూద్దామని మేమూ వెళ్ళాం.

“ఒక్క ప్రశ్న తీసేస్తున్నా మేడమ్. దానికీ నంబరెందుకండీ?”

“పెట్టినవాళ్ళు నంబరుతోనే పెట్టారు బాబూ. తీసేవాళ్ళకి అక్కర్లేదా?”

ఆమె తెర మీద ఆ ప్రశ్న పక్కనున్న నంబరును నొక్కారు. ఎన్నో ఏళ్ళ కిందట పరిష్కారమై మూతపడిన ఫిర్యాదు తెరుచుకుంది. రాసినది ఒక నర్సు. తూకపు యంత్రం గ్రాముల్లో చూపితే కంగారులో కిలోల గడిలో నింపానని, మోతాదు ఎక్కడికో పోయిందని, ‘నేను చూసుకున్నాను కాబట్టి బిడ్డ బతికింది, అందరూ చూసుకోరు’ అని రాసింది. తుఫానుగారు పైకి వెళ్ళి ఆ ప్రశ్నను యథాస్థానంలో ఉంచారు.

ఇప్పుడు యాజమాన్యం తీసుకున్న నిర్ణయమేమిటంటే, ఆమె పదవీ విరమణ చేసిన వెంటనే ఫిర్యాదులను ఒక బయటి కంపెనీకి, ప్రోగ్రాములను మరొక కంపెనీకి అప్పగించి, ఈ సర్వరును ఆపివేయడం. తీరని ఫిర్యాదులు మాత్రమే తరలుతాయట, మూతపడినవి చెరిపివేస్తారట. మొన్నటి సమావేశంలో ఆమె అభ్యంతరం చెప్పగా డైరెక్టరుగారు నవ్వారు. “మీరు వెళ్ళిపోయాక దాన్ని ఎవరు చూసుకుంటారండీ?” ఆమె మా వైపు చూశారు. ఆ క్షణంలో ఆమె ముఖంలో బెంగ చూశాను. ఇన్నేళ్ళ కొలువులో నేను ఎన్నడూ చూడనిది అది. నాకు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు.

పై పేరాను తొలగించమని ఈ అభినందన సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. కారణం రాసి ఇవ్వమన్నాను. ఇవ్వలేదు. కనుక ఇది ఇక్కడే ఉంటుంది.

మేడమ్, సమావేశంలో ఆ ప్రశ్నకు మేము వెంటనే నోరు విప్పలేకపోయాం. నిన్న మా విభాగమంతా, తుఫానుగారితో సహా, సంతకాలు చేసి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టిన జవాబు ఇది: మేము చూసుకుంటాం. మూతపడిన ఫిర్యాదులన్నీ వాటి మార్పులతో సహా భద్రమయ్యేదాకా ఆ యంత్రాన్ని ఆపనివ్వం. ఉద్యోగాలు తీసేస్తామంటే అదీ చూద్దాం.

మీకు సంపూర్ణ ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయుష్షు, మీవారితో తీరిగ్గా కబుర్లాడుకునే ఉదయాలు దక్కాలని మనసారా కోరుకుంటున్నాం. బెంగ పెట్టుకోకండి. ఆ నర్సు మాటను ఎవరూ చెరపలేరు.