ఆఖరి ఫోటో

ఆమె అకౌంటు లాక్ అయింది. స్నేహితుల ఫోటోలు ఎవరివో, కింద ఇచ్చిన పేర్లలోంచి సరిగ్గా నొక్కితేనే తెరుచుకుంటుంది. కులం కాని వాణ్ణి చేసుకున్న చెల్లెలు షాలినితో భర్తకు తెలియకుండా మాట్లాడేది అందులోనే. ఇప్పుడు ఫోను భర్త చేతిలో ఉంది.

"ఈ గులాబీ పువ్వు ఎవురిదే?"

"బేబీ అక్కది."

"ఈ గొర్రెపిల్ల?"

"పాస్టరమ్మగారిది."

"ఒక్కరికీ మొకం నేదేటి?"

"మొగుళ్లు పెట్టనిస్తేగా."

"సర్లే. ఆఖరిది. ఇది తప్పయితే ఇంక ఎప్పటికీ తెరుచుకోదట. సంటిపిల్ల. బుగ్గలు సూడు, అచ్చం మీ అమ్మే."

"సంటిపిల్లలందరూ అలాగే ఉంటారండి."

"కుమారి, జ్ఞానసుందరి, షాలిని... మీ సెల్లి పేరు కూడా ఉన్నాదే."

"లోకంలో షాలిని ఒక్కర్తేనేటి?"

"అయితే కుమారి అని నొక్కీమంటావా?"

"నొక్కీండి."