ఆరును ఐదు చేసిన చెయ్యి

1991 జులై 8వ తేదీ, సోమవారం ఉదయం, మా అర్థశాస్త్ర విభాగంలో గణిత బోధకులుగా వారు ఉద్యోగంలో చేరారు. లెక్కలంటే పడకే అర్థశాస్త్రంలో చేరామని బాహాటంగా చెప్పుకునే విద్యార్థులకు ముప్పై నాలుగు సంవత్సరాలపాటు ఓర్పుతో, నేర్పుతో మాత్రికలూ శ్రేణులూ బోధించిన ఆ మహనీయులు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో, విభాగాధిపతి హోదాలో ఈ అభినందన వ్యాసం రాసి వీడ్కోలు సభలో చదివే బాధ్యతను నాకు అప్పగించారు. అందుకు నేనెంత అనర్హుణ్ణో అప్పగించినవారికి తెలియదు.

ఒకదాని సరుకు ఒకటి వాడుకునే మూడు పరిశ్రమలను నల్లబల్ల మీద మూడేసి అంకెల మూడు వరుసలుగా పరిచి, విలోమ మాత్రిక కనుక్కుని, అంతటితో ఆగక మళ్ళీ గుణించి చూపడం వారి పద్ధతి. "తిప్పి గుణించి చూశారా?" అన్నది వారి నిత్యవాక్యం. అనంత శ్రేణి పాఠమైతే నడిచే చెప్పేవారు: వెనక గోడ నుంచి తలుపు వైపు సగం దూరం, మిగిలినదాంట్లో సగం, మళ్ళీ అందులో సగం. "సార్, ఇలాగైతే మీరు ఇంటికెప్పుడు వెళ్తారు?" అని ఒకమ్మాయి అడిగితే, "గంట కొట్టేదాకా సగం సగమే తల్లీ. కొట్టాక చూడు, ఒక్క అంగలో బయటుంటాను" అన్నారట. ఆ క్లాసువాళ్ళు ఇప్పటికీ ఈ మాట చెప్పుకుని నవ్వుతారు.

2006లో నేను చేరాను. ప్రశ్నపత్రం ఒకరు తయారుచేస్తే అచ్చుప్రతిని మరొకరు దిద్దడం మా విభాగపు ఆనవాయితీ. మరుసటి ఏడాది వార్షిక పరీక్షకు పత్రం వారిది, దిద్దుబాటు నాది. అందులోని మాత్రిక వరుసలు ఇవి: ఒకటి, రెండు, మూడు; రెండు, మూడు, నాలుగు; మూడు, నాలుగు, ఆరు. ఇంత అందమైన వరుసలో చివర ఆరేమిటి, టైపు చేసినవారి పొరపాటై ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. వారి రాతప్రతి నా మోచేతి పక్కనే ఉంది; తిప్పి చూడలేదు. ఆరు కొట్టేసి ఐదు వేసి, నా తెలివికి నేనే మురిసిపోయి సంతకం పెట్టాను.

ఆరు ఉంటే విలోమం చక్కటి పూర్ణాంకాలతో వస్తుంది. ఐదు పడితే నిర్ధారకం సున్నా అవుతుంది, విలోమమన్నదే ఉండదు. ఆ లేనిదాన్ని నూట నలభై మంది పిల్లలు గంటసేపు వెతికారు. "ఇవాళేంటండీ, అదనపు కాగితాలన్నీ అయిపోయాయి! అందరూ తెగ రాసేస్తున్నారు" అని గుమాస్తాగారు సంబరంగా వచ్చి చెప్పారు. ఎందుకో తెలిశాక, పత్రం తీసుకుని ఆ చివరి ఐదును మళ్ళీ మళ్ళీ చూశాను.

విచారణ సంఘం ముందు వారు అన్నది ఒక్కటే మాట. "పత్రం నాది. తప్పూ నాదే." దిద్దిన అచ్చుప్రతినీ రాతప్రతినీ గోప్యత కోసం కాల్చేయడం నియమం కనుక నా చేతిరాత అప్పటికే బూడిదైంది. నేను వరండాలో బల్ల మీద కూర్చుని, ఆ బూడిదకు దణ్ణం పెట్టుకుంటున్నాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, లోపలికి వెళ్ళలేదు.

వారి సేవాపుస్తకంలో మందలింపు ఎక్కింది. దాని మూలంగానే నాలుగేళ్ళ కిందట వారికి రావలసిన విభాగాధిపతి పదవి నాకు వచ్చింది. అంతకుమించి, 'సున్నా మాస్టారు' అన్న పేరు వారికి అంటుకుంది. మా స్టాఫ్ రూమ్‌లో ఆ పేరు మొదటిసారి వినబడ్డప్పుడు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను; సిగ్గు విడిచి చెబుతున్నాను, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మరుసటి ఏడు వారి అమ్మాయి ఇదే కళాశాలలో చేరి, 'సున్నా మాస్టారి కూతురు' అనిపించుకోలేక లెక్కలు మానేసి చరిత్రకు మారిపోయింది. మార్పిడి దరఖాస్తు మీద సంతకం పెడుతూ వారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం పక్క కుర్చీలోంచి చూశాను.

చెప్పేద్దామని ఎన్నోసార్లు లేచాను. ప్రతిసారీ వారి గదికి సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చాను.

పోయిన వారం వారి బీరువా ఖాళీ చేయడానికి సాయం వెళితే, ఒక పాత అట్టలో ఆ రాతప్రతి నకలు కనిపించింది. చివరి అంకె ఆరు.

"ఇది ఇన్నాళ్ళూ మీ దగ్గరే ఉందాండీ?"

"ఉంది."

"మరి సంఘానికి ఎందుకు చూపించలేదు?"

"మీ ఉద్యోగం పోయేది కదండీ. అయినా మీరే వచ్చి చెప్తారనుకున్నాను."

"ఎన్నాళ్ళు చూశారు?"

"ఆ ఏడాదంతా చూశాను. తర్వాత చూడ్డం మానేశాను. ఆ తాడు ఇలా ఇవ్వండి, పుస్తకాలు కట్టేద్దాం."

తిట్టినా బాగుండేది. తాడు అందించాను.

ఆ మందలింపును నా పేరుకు మార్చవలసిందిగా నిన్న ప్రిన్సిపాల్ గారికి రాసి ఇచ్చాను. ఈ వ్యాసం అచ్చుప్రతి మాత్రం దిద్దడానికి వారికి పంపలేదు. పంపితే సగం పేరాలు కొట్టేస్తారు.

ముందు వరుసలో కూర్చున్న వారి శ్రీమతి గారికీ, అమ్మాయికీ ఒక్క మనవి. అమ్మా, మీ నాన్నగారు ఇచ్చిన లెక్క తప్పు కాదు. నువ్వు తలదించుకున్న ప్రతి రోజూ నేను దించుకోవలసింది.

వారు సంపూర్ణ ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో, కుటుంబ సభ్యుల ఆదరాభిమానాల నడుమ నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. సహోద్యోగులారా, రేపు వారిని సాగనంపేటప్పుడు పూలదండలూ శాలువాలూ అన్నీ ఇచ్చి పంపండి. ఆ పేరు మాత్రం వారి వెంట పంపకండి. అది నాది. పిలిస్తే ఇక్కడే పలుకుతాను.