ఆదివారం పరిచిన గడ్డి

ఏమిటమ్మాయ్, అప్పుడే గడ్డిమోపు విప్పేస్తున్నావు? ఆగాగు. పైమట్టి చలికి గట్టిపడనీ. మెత్తగా ఉండగా కప్పావో, ఎలుకలకి ఇల్లు కట్టిచ్చినట్టే. పైన వెచ్చటి పరుపు, కింద పూలదుంపల భోజనం. ఇది మా నాన్న చెప్పింది కాదు, పక్కింటి ప్లోని అత్త చెప్పింది. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మనిషి ఇంతే, నా భుజం దాకా ఉండేది. నోరు మాత్రం... అబ్బో! మా నాన్నేమో చర్చి పెద్ద. మేం ప్రొటెస్టెంట్లం, వాళ్లు క్యాథలిక్కులు, మధ్యలో నడుమెత్తు కంచె. మా ఇంట్లో ఆదివారం అంటే ఆదివారమే. బంగాళాదుంపలు కూడా అమ్మ శనివారమే చెక్కు తీసి నీళ్లలో వేసి ఉంచేది. సైకిలెక్కితే వీపు పగిలేది. ప్లోని అత్త కంచె మీంచి, "ఏం లేండర్ట్ గారూ, ఇవాళ మీ కోళ్లు గుడ్లు పెట్టొచ్చా, రేపటిదాకా ఆపుకోవాలా?" అనేది. నాన్న మొహం ఎర్రగా చేసుకుని లోపలికి పోయేవాడు.

ఆఁ, గడ్డి సంగతి కదూ. నాన్న దగ్గర ఓ హయసింత్ పూల మడి ఉండేది. కొన్న దుంపలు కావు, విత్తనం నుంచి తను తీసినవి. తొమ్మిదేళ్లకి ఎనభై నాలుగు దుంపలు. పాలలో ఒక్క చుక్క నీలం కలిపినట్టుండేది పువ్వు. మొత్తం మా లిస్సె ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. నాకప్పుడు పంతొమ్మిది. ఫిబ్రవరి చివర, శనివారం మబ్బు పట్టి కాస్త వెచ్చబడింది. గడ్డి కింద మొలకలు పాలిపోయి ఇంతేసి లేచాయి. కప్పు తియ్యడానికి అలాంటి రోజే మంచిది, ఎండైతే మాడిపోతాయి. నాన్నా నేనూ గడ్డి తీసి పక్కన కుప్ప పోశాం. ఆదివారం లేచేసరికి చలి తూర్పుగాలి మొదలైంది, బకెట్లో నీళ్లు గడ్డకట్టాయి. నాన్న కిటికీలోంచి కప్పు లేని మడి వంక చూశాడు. నల్లకోటు తొడుక్కున్నాడు, చర్చికి పదమన్నాడు. గంటన్నర ప్రసంగంలో ఎప్పుడూ చప్పరించే పిప్పరమెంటు బిళ్ల నోట్లో వేసుకోవడం కూడా మరిచిపోయాడు పాపం. తిరిగొచ్చేసరికి ప్లోని అత్త మా మడిలో మోకాళ్ల మీద ఉంది! వాళ్ల చర్చి పొద్దున్నే ముగించుకుని కంచె దాటేసింది. సగం పైగా కప్పేసింది కూడా. "ఆపండి," అన్నాడు నాన్న. "నా నేలలో ఆదివారం పని జరగదు." "చేసేది మీరు కాదుగా? పాపమైతే నాకే. మా ఫాదర్ దగ్గర ఒప్పుకుని దులిపేసుకుంటా." "లేవండి ప్లోని గారూ." ఆవిడ లేచింది, గౌను దులుపుకుంది. "సరే, అయితే ఈ పరిచిందంతా తీసెయ్యండి మరి." నాన్న వంగబోయి ఆగిపోయాడు. "తియ్యడమూ పనే కదా, పెద్దగారూ?" అంది. నేను నవ్వాపుకోలేక పాకలోకి పరిగెత్తాను. ఏమిటీ? ఆఁ, అలాగే ఉండిపోయింది మడి, సగం దుప్పటి జారిపోయిన మనిషిలాగా.

సోమవారం చీకటితోనే లేచి మిగతాది కప్పాడు. ఏం లాభం? ఏప్రిల్లో ఆవిడ కప్పిన నలభై ఏడూ పూశాయి. మిగతా ముప్పై ఏడూ వేలు పెడితే గంజిలా జారాయి. దుంపలు తవ్వే రోజుల్లో ఆ నలభై ఏడూ బుట్టలో పెట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు. "నావి పోయాయి. ఇవి మీవి," అన్నాడు. అత్త బుట్టలోకి చూసింది. "తొమ్మిదేళ్లండీ," అంది మెల్లగా. "నాకు తెలుసు," అన్నాడు. వద్దంటే వినే మనిషి కాడని ఆవిడకి తెలీదూ? బుట్ట అందుకుంది. "నాకు నడుం నొప్పి. చలికాలం వీటికి గడ్డి పరచడం నావల్ల కాదు. సోమవారం నుంచి శనివారం లోపల ఎప్పుడైనా వచ్చి పరిచిపొండి." నడుం నొప్పి! అదే వారం ఇంటి కప్పెక్కి పెంకులు సర్దింది మహాతల్లి.

పదకొండు చలికాలాలు పరిచాడు. ఆవిడ చేతులు కట్టుకుని, "అక్కడ పలచనైంది," అనడం, చర్చి పెద్ద బుద్ధిగా ఇంకో గుప్పెడు వెయ్యడం. ఓ ఏడు ఆ పూలకి ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. ఈ రకం ఎవరు పుట్టించారని అడిగారు. అత్త వేలెత్తి మా నాన్నని చూపించింది. ఆయన టోపీ తీసి, "నేను వాళ్లింట్లో గడ్డి పరిచే మనిషినండీ," అన్నాడు. ఆవిడ అటు తిరిగి, జేబులో రుమాలు వెతుక్కుని...

ఊఁ. కాఫీ నీళ్లు మరుగుతున్నట్టున్నాయి, చూడమ్మాయ్.