మంట తగ్గేదాకా

కొన్ని నెలలుగా విడివిడిగా ఉంటున్న ఆలుమగలు ఇవాళ మళ్లీ ఒకే గదిలో పడ్డారు. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ చేతిలో సబ్బునీళ్ల గిన్నె ఉంది. తప్పెవరిదో ఇంకా తేలలేదు.

"రుద్దకు. అద్దు. రుద్దితే ఇంకా లోపలికి పోతుంది."

"అద్దుతూనే ఉన్నాను. నువ్వు తల కదపకుండా కూర్చో."

"కిటికీలు తీశావా?"

"అన్నీ తీశాను. నాకూ దగ్గొస్తోంది, నీ ఒక్కడికే అనుకుంటున్నావా. పాలు పొయ్యనా? చల్లబడుతుందంటారు."

"పాలూ వద్దు, పెరుగూ వద్దు. పెప్పర్ స్ప్రే అంటే మిరపకాయల నుంచి తీసిన నూనె. ఒట్టి నీళ్లకి లొంగదు, మొహమంతా పాకుతుంది. మొహానికి సబ్బు, కళ్లకి మాత్రం చల్లటి నీళ్లు."

"రోజూ డబ్బాల్లో నింపేవాడివి, నీకు అలవాటై ఉండాలిగా?"

"వండేవాడికి చెయ్యి కాలదా? ఫ్యాక్టరీలో కళ్లద్దాలుంటాయి, మాస్కు ఉంటుంది. మొహం మీద ఎవరూ కొట్టరు."

"సరిగ్గానే కొట్టానా?"

"ఈ కంటి నుంచి ఆ కంటికి అడ్డంగా గీత గీసినట్టు కొట్టావు. కొట్టి పక్కకి తప్పుకున్నావు కూడా. అచ్చం చెప్పినట్టే."

"ఇల్లు వదిలి వెళ్తూ చెప్పావుగా. ఒక్కదానివే ఉంటావు, ముందు కొట్టు, ఎవరని తర్వాత అడుగు అని. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడ్డట్టయింది."

"నవ్వుతున్నావా?"

"లేదు. చూపు పోదుగా?"

"పోదు. అసలు ఏమీ కాలదు. కాలిందని నరాన్ని నమ్మిస్తుంది, అంతే. దాని పనే అది."

"ఏమీ కాలకుండానే ఇంత ఏడుపా?"

"నరానికి ఆ సంగతి తెలీదు కదా."

"ఊఁ. గడ్డం ఎత్తు. ఇంకాస్త... తలుపెందుకు కొట్టలేదు?"

"తాళంచెవి ఉందిగా నా దగ్గర."

"ఉంటే? ఈ వేళప్పుడు నేను డ్యూటీలో ఉంటానని నీకు తెలుసు."

"అదీ..."

"ఏది?"

"నా స్వెటరూ, సర్టిఫికెట్లూ తీసుకుని వెళ్లిపోదామని..."

"నేను లేనప్పుడు."

"ఎదురుపడితే మళ్లీ మాటా మాటా పెరుగుతుందని."

"జ్వరమొచ్చి సెలవు పెట్టాను. తాళం తిరిగిన చప్పుడుకి పై ప్రాణాలు పైనే పోయాయి."

"జ్వరమా? చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను?"

"నాకు ఫోన్ చెయ్యకూడదూ."

"చేస్తే?"

"వచ్చేవాణ్ణి."

"నేను లేనప్పుడు చూసుకుని?"

"సరే, తప్పే. కానీ నువ్వు కొట్టబోయేముందు 'నేనే' అన్నాను. వినపడలేదా?"

"వినపడింది. ఎవరొచ్చినా 'నేనే' అంటారు. నీ గొంతనుకోలేదు."

"నా గొంతు... మర్చిపోయావా?"

"ఏమో. ఈ ఇంట్లో మాట వినపడి చాలా రోజులైంది. నాలో నేను మాట్లాడుకుంటే నాకే ఉలికిపాటు. కన్ను తెరువు, నీళ్లు పోస్తాను."

"అమ్మా... నీకు తాళం మార్చమని కూడా చెప్పాను. మార్చలేదేం?"

"మార్చలేదు."

"అదే, ఎందుకని?"

"ఎవరైనా వస్తారేమోనని స్ప్రే పక్కన పెట్టుకున్నాను. నువ్వు వస్తావేమోనని తాళం మార్చలేదు. ఇవాళ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి."

"నా సామాను కూడా కదపలేదా?"

"నీ సామాను పెట్టినచోటే ఉంది. మంట తగ్గాక తీసుకెళ్లు. ఇంకా మండుతోందా?"

"కొంచెం."

"ఇక్కడ?"

"అక్కడే. ఇంకాస్త పక్కకి."

"నా చేతులు పీకుతున్నాయి. చాలాసేపయింది, ఇంకా ఎంతసేపుంటుంది ఈ మంట? నువ్వే చెప్పు, నీకే తెలియాలి."

"మంట ఎప్పుడో తగ్గిపోయింది. చెబితే చెయ్యి తీసేస్తావని ఊరుకున్నాను."