గవదబిళ్ళలొచ్చిన చేప

పటాన్‌చెరు పక్క ఫ్యాక్టరీలో భీమశంకరం కోత మిషను మీద ఆపరేటరు. పగలు ఇనుము కోస్తాడు, సాయంత్రం కోతలు కోస్తాడు, రెండింట్లోనూ చెయ్యి తిరిగినవాడే. రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో క్వార్టర్ల వరండాలో ఆయన చెప్పిన మాటల్లో నిజమెంతంటే, పులుసులో ఇంగువంత.

అలాంటి మనిషికి ఆ ఆదివారం చెప్పుకోవడానికి అచ్చమైన నిజం ఒకటి దొరికింది. అదే ఆయనకొచ్చిన కష్టం. భార్య అన్నపూర్ణ పుట్టింటికి వెళ్తూ, రైల్లో దొంగల భయమని మెళ్లో గొలుసు తీసి ఇంట్లో పెట్టి వెళ్లింది. నిన్న తిరిగొచ్చి చూస్తే ఆ గొలుసు చేపల తొట్టి అడుగున, ఇసకలో ఉంది. మొగుడు చెప్పిన కారణం విని "చాల్లెండి మీ కోతలు" అంది. అంతే, మళ్లీ నోరు విప్పలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడే తప్ప ఇంట్లో మాట లేదు. భీమశంకరానికి అన్నం సయించడం లేదు.

సాయంత్రం పక్క క్వార్టరు సూర్యారావు వరండాలోకి వచ్చాడు. పాశమైలారం రైతు కొమురయ్య పాలు పోసి, కేను పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అతనూ అదే ఫ్యాక్టరీలో హెల్పరు. ఇద్దరు దొరికారు, చాలు. భీమశంకరం లోపలికి కూడా వినపడేలా గొంతెత్తాడు.

"అద్దాలు, యాంగిల్ ఇనుము, లప్పం, అంతేనండీ, తొట్టి నా చేత్తో నేనే కట్టాను. అందులో సింగపూరు చేపల జంట, ఓడ దిగొచ్చిన సరుకు. ఆడదేమో పది రోజుల కిందట తిండి మానేసింది. దవడలు ఇంతింత లావున వాచిపోయాయి. చూడగానే పోల్చేశాను, గవదబిళ్ళలు! మన పిల్లలకొస్తే ఏం చేస్తాం? మెళ్లో బంగారు గొలుసు వేస్తాం. చేపకి మెడెక్కడిదండీ? అందుకని గొలుసు తొట్టిలోకే దింపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గొలుసు మింగేసిందా?" అన్నాడు సూర్యారావు.

"నోరు తెరిచిందండీ! తెరిస్తే లోపల్నుంచి పిల్లలు! ముందు దోమ పురుగులనుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని చూద్దును కదా, కళ్లు, తోక, చారలు, అన్నీ తల్లి పోలికే. మనిషి నీడ పడితే చాలు, అన్నీ మళ్లీ తల్లి నోట్లోకే! మగవాడు గుడ్లురుముతున్నాడని వాణ్ణి బక్కెట్లోకి మార్చాను. ఉడికిన గుడ్డు పచ్చసొన పల్చటి గుడ్డలో పిండి, చుక్క చుక్క వేసి సాకాను."

సూర్యారావు లేచి కిటికీలోంచి తొంగి చూశాడు. తొట్టిలో ఒకే ఒక్క చేప, మూతి బిగించుకుని ఉంది.

"పిల్లలేవండీ?"

"మీ నీడ పడింది కదా, నోట్లో ఉన్నాయి."

"ఓహో, సాక్ష్యాన్ని కూడా మింగించేశారన్నమాట!" అని సూర్యారావు విరగబడి నవ్వాడు.

ఆ నవ్వుకి భీమశంకరానికి ఉక్రోషం వచ్చింది. నిజం చెబితేనే నవ్వుతున్నారు కదా అని అలవాటైన దారి పట్టాడు.

"ఇరవై ముప్ఫై అనుకున్నారేమో, రెండు వేలండీ! తొట్టి చాలక బక్కెట్టు, బక్కెట్టు చాలక గంగాళం, గంగాళం చాలక మన క్వార్టర్ల మీది నీళ్ల ట్యాంకు. మొన్న ఎదురు క్వార్టరు నాగరత్నం గారు కుళాయి తిప్పితే బిందెలో చేప పడింది, కావాలంటే అడగండి! సైరన్ మోగిందంటే మూడు షిఫ్టులుగా విడిపోయి వరసలో నిలబడతాయి. ఎ షిఫ్టు తింటుంటే బి షిఫ్టు మెతుకు ముట్టదు."

"మరి సి షిఫ్టో?"

"నిద్రపోతాయి, మనవాళ్లలాగే. జనరల్ మేనేజరు స్వయంగా వచ్చి, శంకరంగారూ, ఈ క్రమశిక్షణ మా వర్కర్లకీ నేర్పండి అని బతిమాలాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెరిగినవాటిని నక్కవాగులో వదిలాను. వాటి తోకల ఊపుకి వాగు ఎదురు పారిందండీ! నీళ్లు సంగారెడ్డి దాకా వెనక్కి నడిచాయి. బొంబాయి రోడ్డు మునిగి లారీలు ఆగిపోతే, చేపలే వీపులు ఆనించి వంతెన కట్టి దాటించాయి. ఇక ఆ గొలుసంటారా, ఒక్కో పిల్ల ఒక్కో లంకె పట్టుకుని..."

లోపల గిన్నె ఠంగుమంది. భీమశంకరం అక్కడితో ఆపి కిటికీ వైపు చూశాడు.

"జెర ఆగుండ్రి సార్," అన్నాడు మెట్ల మీది కొమురయ్య. "గవి సింగపూరువి యాడియి? నేనే గద మా చెర్వుల పట్టి డబ్బల తెచ్చిచ్చిన, కూరొండుకోమని!"

సూర్యారావు పొట్ట పట్టుకున్నాడు. భీమశంకరం తల వంచుకున్నాడు. ఇక అన్నపూర్ణ జన్మలో మాట్లాడదు అనుకున్నాడు.

"నవ్వకుండ్రి సార్," అన్నాడు కొమురయ్య. "సింగపూరు అబద్ధం, షిఫ్టులు అబద్ధం, వాగు అబద్ధం. గవదలు గిట్ల ఏం లేవు. గని నోట్ల పిల్లలు మాత్రం నిజం. నా పెండ్లాం కౌసల్య శాపలు కోసేటప్పుడు ఎన్నిసార్లు జూసిందో. గీ జాతి తల్లి నోట్లనే పొదుగుతది, నోట్లనే సాకుతది. అందాక ఏం తినదు."

ఎనిమిదేళ్లలో ఆ వరండాలో భీమశంకరం మాటని నిజం అన్న మొదటి మనిషి కొమురయ్య. భీమశంకరానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

"నీకు పుణ్యముంటుంది కొమురయ్యా, ఆ ఒక్క ముక్క ఇంకోసారి చెప్పు. జెర గట్టిగా."

కొమురయ్య కిటికీ వైపు తిరిగి, పొలం అవతలి మనిషిని పిలిచినట్టు అరిచాడు. "నోట్ల పిల్లలు నిజమేనమ్మా!"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. గాజుల చప్పుడు తొట్టి దాకా వచ్చి, అదీ ఆగింది. బయట ముగ్గురూ కిటికీ వైపు చెవులు రిక్కించారు. ఎంతసేపటికీ ఏమీ లేదు. సూర్యారావు కూడా నవ్వడం మానేశాడు.

"ఏవండీ!" నిన్నటి నుంచి ఇదే మొదటి పిలుపు. "రెండు వేలన్నారు! నీడ పడకుండా పక్కకి నిలబడి ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై మూడే ఉన్నాయి!"

"ఇరవై మూడే!" భీమశంకరం ఎగిరి గంతేశాడు. "విన్నారా సూర్యారావు గారూ, ఇరవై మూడే! ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ లేదు!" అని అరుస్తూ లోపలికి పరుగెత్తాడు.