మూడో పురుగు

పేడపురుగు అనకండి సార్, మీకు దణ్ణం పెడతాను! పేడపురుగుకి ఇంత సన్నటి నడుం ఎక్కడిదీ?

మళ్ళీ చెప్తా, వినండి. నల్లటి ఒళ్ళు, అంచు చుట్టూ ఊదారంగు గీత. వీపు మీద మూడు వరసల గుంటలు, సూదితో పొడిచినట్టు. ఇంకోటుంది, అసలు గుర్తు అదే. వీపు మీది రెక్కల డొప్పలు రెండూ అతుక్కుపోయి ఉంటాయి. అంటే ఎగరలేదు. మీ బుల్డోజర్ వచ్చినా నడిచే పారిపోవాలి పాపం.

ఆ, రెండే తెచ్చాను. లెక్క నాకూ వచ్చు సార్. మ్యూజియంలో పురుగులకి సూదులు గుచ్చే ఉద్యోగం నాది, ఇరవై రెండేళ్ళుగా. మీ కాగితంలో ఏముందీ? ఇలాంటి అరుదైన పురుగువి ఎండబెట్టి, సూదికి గుచ్చిన నమూనాలు మూడు ఉంటేనే అది దొరికిన స్థలం జోలికి ఎవరూ రారు. ఫోటో చెల్లదు. బతికున్నది చెల్లదు. మూడు చచ్చి చూపిస్తేగానీ అవి అక్కడ బతుకుతున్నాయని మీరు నమ్మరు!

నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వాను.

ఆ గోదాముల వెనక, కుళ్ళిన దుంగల పక్కన, ప్లాస్టిక్ గ్లాసులు పాతిపెట్టాను. నలభై రోజులు, పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కోదాంట్లోకీ తొంగిచూడ్డం. మా ఆవిడైతే, "ఆ పురుగేదో మీ బుర్రలోనే ఉంటే బయటెక్కడో వెతుకుతారేం?" అంది.

రెండు దొరికాయి. ముందుకాళ్ళ పాదాలు వెడల్పు, అంటే మగవి. పురుగుల్ని చంపే మందుసీసాలో వేసేశాను.

మూడోదా? ఎలా చెప్పమంటారు...

దొరికింది సార్.

గురువారం పొద్దున. పాదాలు సన్నగా ఉన్నాయి, ఆడది. కడుపునిండా గుడ్లు. డొప్పల కిందనుంచి పొట్ట బయటికొచ్చేసింది. సీసా మూత తీశాను. ఎన్ని వేలసార్లు తీసిన మూత! చెయ్యి రాలేదు. "పో తల్లీ" అని ఆ దుంగ కిందే వదిలేశాను.

ఇంటికెళ్ళి చేతులు కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది. వదిలింది ఎక్కడా? సోమవారం మీరు కాంక్రీటు పోసే నేలలో!

పరిగెత్తుకెళ్ళాను. రెండు రోజులు ప్రతి దుంగా తిరగేశాను. ఇవిగో, గోళ్ళు చూడండి. దొరకలేదు.

ఈ ఒక్కసారికీ రెండింటితో సరిపెట్టుకోలేరా?

తెలుసు. రూలు రూలే. మీరు మాత్రం ఏం చేస్తారు లెండి.

వేసెయ్యండి సార్, అనుమతి ముద్ర. ఇరవై రెండేళ్ళు చంపినవాణ్ణి, చంపాల్సిన ఒక్కరోజు జాలిపడ్డాను. ఇప్పుడది అక్కడే ఎక్కడో గుడ్లు పెట్టుకుంటూ ఉంటుంది.

ఎగరలేదని చెప్పాను కదూ.