ఇంట్లోనే సర్వీసింగు

ఇంటి పక్కన రేకుల షెడ్డు. జాకీ మీద ఒక వైపుకి లేచిన కారు. దాని కింద వెల్లకిలా పడుకుని బావ, బయట టార్చి పట్టుకుని బావమరిది.

"తిన్నగా పట్టవోయ్! మీ అక్కా ఇంతే. టార్చి పట్టుకోమంటే దిక్కులు చూస్తుంది."

"పట్టుకున్నాగా బావా. షోరూముకి తోలేస్తే ఈ గోలే లేదుగా."

"షోరూమా! వాళ్ళు పైపైన తుడిచి, పాత ఆయిలే ఉంచి, బిల్లు మాత్రం కొత్తది ఇస్తారు. నా బండి మీద ఇంకొకడు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. నాది నేనే చూసుకుంటా."

"అక్కని కూడా అలాగే చూసుకుంటున్నావు."

"పదిహేడో నంబరు పానా ఇలా ఇయ్యి."

"అక్క చెయ్యి ఎలా విరిగింది బావా?"

"చెప్పిందిగా, మెట్ల మీద జారి పడ్డానని. పానా ఇయ్యవోయ్."

"మీ ఇంటికి మెట్లెక్కడున్నాయి?"

"ఈ నట్టొకటి... బిగుసుకుపోయి చచ్చింది. పానా!"

"పోయినసారి పదిహేడు అడిగితే పద్నాలుగు ఇచ్చింది. ఆ పానాతోనే ముంజేతి మీద కొట్టావు. ఎముక విరిగిన చప్పుడు పక్కింటివాళ్ళకి వినపడిందట."

"పక్కింటివాళ్ళకి వేరే పనేముంది? మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష ఉంటాయి. ఏదో కోపంలో... ఏయ్, ఏంటా చప్పుడు? ఏం చేస్తున్నావ్?"

"నువ్వు విప్పిన చక్రం. నీ పక్కనే కారు కింద పడుకోబెట్టావుగా, దాన్ని లాగేశా."

"తియ్యకు! జాకీ జారితే బండిని ఆపేది అదేరా! షోరూములో అయితే లిఫ్టు ఉంటుంది, ఇక్కడ అదొక్కటేగా దిక్కు!"

"అందుకే తీశా."

"పరాచికాలొద్దు."

"బావతో కాకపోతే ఎవరితో ఆడను పరాచికాలు? ఇదిగో, జాకీ రాడ్డు ఒక్క తిప్పు."

"అమ్మా! ఛాతీ... ఛాతీ మీదికి దిగింది! ఎత్తరా!"

"మాటలొస్తున్నాయిగా, ఇంకా చోటున్నట్టే. ఇంకేం చేశావు మా అక్కని?"

"ఏం చెయ్యలేదు. అమ్మతోడు, ఏం చెయ్యలేదు."

"ఇంకో తిప్పు."

"చెప్తా! చెప్తా! ఆయిలు... ఇంజన్లోంచి దించిన వేడి ఆయిలు కాళ్ళ మీద పోశా. డబ్బా తన్నేసిందని. అయ్యో, పక్కటెముక పోయిందిరా... నీ కాళ్ళు పట్టుకుంటా!"

"నీకు అందవులే."

"నన్నంటున్నావు... నువ్వేమన్నా తక్కువ తిన్నావా? నీ పెళ్ళానికి ముందు పన్ను ఎలా ఊడింది? చెప్పరా!"

"అది వేరు."

"ఏం వేరు?"

"వేరంటే వేరు! దానికి నోరెక్కువ. మా ఇంటి సంగతి నీకెందుకు? మా అక్క మీద ఇంకోసారి చెయ్యెత్తుతావా?"

"ఎత్తను."

"గట్టిగా!"

"ఎత్తను! పిల్లల మీద ఒట్టు! రక్తం... నోట్లోకి రక్తం వస్తోందిరా..."

"అక్కా! ఒకసారి ఇలా రా. నీ మొగుడు ఒట్టు పెడుతున్నాడు, నీ చెవులతో నువ్వే విను."

"వింటూనే ఉన్నానురా తమ్ముడూ. తలుపు వెనకే ఉన్నా. ముందు బండి పైకెత్తు."

"ఇంకాస్త ఉండనీ. బుద్ధి రావాలి."

"ఎత్తమన్నానా! పోలీసులకి ఫోన్ చేశా, అంబులెన్సుకీ చేశా. వీడు నా చేతి సంగతి వాళ్ళ ముందు బతికుండి చెప్పాలి. చస్తే నువ్వే జైలుకి పోతావు."

"పోతే పోతా! నా తోడబుట్టినదాని ఒంటి మీద చెయ్యి పడితే చూస్తూ కూర్చోడానికి నేను మగాణ్ణి కాదా? ఆడదాని మీద చెయ్యి చేసుకునేవాడు మనిషేనా?"

"ఎత్తరా, ముందు ఎత్తు."

"ఎత్తుతున్నాలే. ఇంతకీ ఆ ఫోనేంటి, ఇంకా చెవి దగ్గరే పెట్టుకున్నావు? లైన్లో పోలీసులేనా?"

"కాదు. నీ పెళ్ళాం. తన పన్ను మాట వచ్చిన దగ్గర్నించీ అంతా వింటోంది."

"అదా? ఏడుస్తోందా?"

"లేదు. మీ కారు సర్వీసింగు ఎప్పుడని అడుగుతోంది."